అచ్చు వెనుక హస్తాలు

గత సంవత్సరం షవ్వాల్ మాసంలో మా అన్నయ్య కుమార్తె నికాహ్ నిశ్చయమైంది. అనకాపల్లిలోని మా ఇంటి ఆనవాయితీ ప్రకారం శుభలేఖ మూడు లిపులలో ఉండాలి. పైన అరబీలో బిస్మిల్లాహ్, కుడివైపు పెద్దల కోసం ఉర్దూ, ఎడమవైపు ఇరుగుపొరుగుల కోసం, బెల్లం మార్కెట్టులోని మిత్రుల కోసం తెలుగు. డీటీపీ కేంద్రం నుండి నమూనా ప్రతి ఫోనుకు వచ్చింది. రంగులు ముచ్చటగా ఉన్నాయి, పూల అంచు చక్కగా ఉంది. ఇంట్లో అందరం చూశాము, సరేనన్నాము.

చివరగా దానిని దాదీకి చూపించాము. ఆమెకు ఎనభై నాలుగేళ్ళు. భూతద్దం తీసుకొని ఉర్దూ భాగాన్ని చాలాసేపు పరికించి చూసింది. "బేటా, ఇది ఎవరు రాశారు? చేయీ చేయీ పట్టుకొని నడవవలసిన అక్షరాలు ఎడమొహం పెడమొహంగా నిలబడ్డాయి. పైగా వెనక్కి నడుస్తున్నాయి" అన్నది.

అప్పుడు గాని మాకు విషయం బోధపడలేదు. ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగే లిపి. పదంలో ఏ చోట ఉన్నదనే దానిని బట్టి అక్షరం రూపం మారుతుంది. ఒంటరిగా ఒక రూపం, మొదట ఒకటి, నడుమ ఒకటి, చివర మరొకటి. ఆ కేంద్రంలోని పాత సాఫ్ట్‌వేరుకు ఈ సంగతి తెలియదు. అది ఒంటరి రూపాలను ఎడమ నుండి కుడికి వరుసగా పేర్చి ఊరుకున్నది. అక్కడ పనిచేసే కుర్రవాడికి ఉర్దూ రాదు కనుక అతనిని నిందించలేము. మమ్మల్ని కలచివేసినది వేరే సంగతి. పెద్ద చదువులు చదివిన ఆరుగురం ఆ ప్రతిని చూసి బాగున్నదని ఒప్పుకున్నాము. దాదీ లేకపోతే ఆ తప్పు ఐదు వందల ఇళ్ళకు చేరేది.

మనం నిత్యం చదివే అచ్చు అక్షరానికి ఆ రూపం ఎవరిచ్చారు? అది చెడకుండా ఎవరు కాపాడారు? ఆ రాత్రి నాలో మొదలైన ఈ ప్రశ్నలకు దొరికిన సమాధానాలను ఈ వ్యాసంలో పాఠకులతో పంచుకుంటున్నాను.

బెల్లం అచ్చు, అక్షరపు అచ్చు

అనకాపల్లి వాసులకు అచ్చు అనే మాటను వివరించనక్కరలేదు. చెరకు రసం కాగి పాకానికి వచ్చిన తర్వాత అచ్చులో పోస్తారు. చల్లారిన తర్వాత అచ్చు రూపమే బెల్లం రూపం. పాత ముద్రణాలయాల సీసపు అక్షరమూ ఇలాగే పుట్టేది. ముందుగా ఒక ఉక్కు కడ్డీ చివర అక్షరాన్ని తిరగేసి చెక్కేవారు. దానిని రాగి ముక్క మీద ఉంచి సుత్తితో కొడితే అక్షరం ఆకారంలో గుంట పడేది. ఆ గుంటే అచ్చు. సీసం, తగరం, ఆంటిమొనీ కలిపి కరిగించి అందులో పోస్తే ఒక అక్షరం తయారు. ఒకే అచ్చులో వేలాది అక్షరాలు పోత పోయవచ్చు. అయితే ఆ వేలాది అక్షరాల అందమూ, లోపమూ ఉక్కు మీద చెక్కిన మొదటి చేతిదే.

తెలుగు అక్షరం తొలిసారి అచ్చయినది తెలుగు నేల మీద కాదు. మద్రాసులో పనిచేసిన క్రైస్తవ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలను ముద్రించాడు. ఆ తర్వాత కథ బెంగాలుకు మారుతుంది. 1778లో హుగ్లీలో హాల్‌హెడ్ రచించిన బెంగాలీ వ్యాకరణం అచ్చయింది. దానికి బెంగాలీ అక్షరాలను సిద్ధం చేసినవాడు చార్లెస్ విల్కిన్స్ అనే ఆంగ్ల ఉద్యోగి. ఆయన పక్కన కూర్చొని లోహాన్ని చెక్కినవాడు పంచానన్ కర్మాకర్ అనే లోహకారుడు. పుస్తకం మీద హాల్‌హెడ్ పేరు ఉన్నది, కీర్తి విల్కిన్స్‌కు దక్కింది. పంచానన్ విలువను లోకం ఆలస్యంగా గుర్తించింది.

ఆ పంచానన్ తర్వాతి కాలంలో విలియం కేరీ నడిపిన శ్రీరాంపూర్ ముద్రణాలయంలో చేరాడు. ఆయన తదనంతరం అల్లుడు మనోహర్ దశాబ్దాల పాటు ఆ పనిని కొనసాగించాడు. ఎన్నో భారతీయ భాషల అక్షరాలు ఆ కార్ఖానాలోనే రూపుదిద్దుకున్నాయి. వాటిలో తెలుగు ఒకటి. 1812 మార్చి 11న అక్కడ ఘోర అగ్నిప్రమాదం జరిగింది. కాగితం బూడిదైంది, పోత పోసిన సీసపు అక్షరాలు కరిగి ముద్దయ్యాయి. కానీ ఉక్కు కడ్డీలు, రాగి అచ్చులు మిగిలాయి. కరిగిన సీసాన్నే మళ్ళీ ఆ అచ్చులలో పోసి కొద్ది వారాలలోనే పని మొదలుపెట్టారు. కేరీ రచించిన తెలుగు వ్యాకరణం 1814లో అక్కడే వెలువడింది. మూలం భద్రంగా ఉంటే పోయినదానిని తిరిగి పొందవచ్చునని ఈ సంఘటన తెలుపుతున్నది.

1816లో మద్రాసులో ఏ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం, 1852లో సి.పి. బ్రౌన్ తెలుగు-ఆంగ్ల నిఘంటువు అచ్చయ్యాయి. నాటికి తెలుగు అచ్చు అక్షరం సొంత ప్రాంతానికి చేరుకొని నిలదొక్కుకున్నది. అయినా పని తేలిక కాలేదు. ఆంగ్లానికి చిన్నవి 26, పెద్దవి 26 అక్షరాలుంటే సరిపోతుంది. తెలుగుకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, వాటి కింద వేలాడే ఒత్తులు కావాలి. కంపోజిటర్ ముందు వందలాది గళ్ళున్న పెట్టెలు ఉండేవి. 'స్త్రీ' వంటి ఒక్క అక్షరం కోసం కింద రెండు ఒత్తులకు చోటు వదలాలి. అందుకే తెలుగు పుస్తకంలో పంక్తుల మధ్య ఎడం ఎక్కువ, కాగితం ఖర్చూ ఎక్కువే.

సీసానికి లొంగని లిపి

తెలుగు కష్టపడి సీసంలో ఒదిగింది. ఉర్దూ మాత్రం ఒదగలేదు. అందుకు కారణం దాని నస్తాలీఖ్ లిపి.

అక్షరాన్ని కొలతలతో రాయటం ముస్లిం సమాజానికి కొత్త విద్య కాదు. దివ్య ఖుర్‌ఆన్‌లో 68వ సూరా పేరే 'అల్ ఖలమ్', అంటే కలం. దైవవాణిని ఒక్క చుక్క కూడా తేడా రాకుండా రాయాలన్న భయభక్తులే ఈ విద్యను పెంచి పోషించాయి. పదవ శతాబ్దంలో బగ్దాదుకు చెందిన ఇబ్న్ ముఖ్లా కలంతో పెట్టిన చుక్కనే కొలమానంగా తీసుకొని ప్రతి అక్షరానికీ నిష్పత్తిని నిర్ణయించాడు. పద్నాలుగో శతాబ్దంలో ఇరాన్‌లో నస్తాలీఖ్ రూపుదిద్దుకున్నది. మీర్ అలీ తబ్రీజీని దాని పితామహునిగా సంప్రదాయం కీర్తిస్తున్నది. ఈ లిపిలో పదం తిన్నని గీత మీద నిలబడదు. పైనుండి వాలుగా జారుతూ వచ్చి కింద విశ్రమిస్తుంది. ముందున్న అక్షరాన్ని, వెనకున్న అక్షరాన్ని బట్టి ప్రతి అక్షరం ఎత్తు, వెడల్పు మారిపోతాయి. నలుచదరపు సీసపు ముక్కలను పక్కపక్కన పేరిస్తే ఈ జారుడు సాధ్యం కాదు. కలకత్తాలో నస్తాలీఖ్ అక్షరాలను పోత పోసి పుస్తకాలు అచ్చువేశారు గాని చేతిరాతకు అలవాటుపడిన చదువరుల కంటికి అవి ఆనలేదు.

ఇలాంటప్పుడు రెండు దారులు ఉంటాయి. యంత్రానికి తగినట్లు అక్షరాన్ని మార్చుకోవటం ఒకటి, అక్షరానికి తగిన యంత్రం కోసం వేచి ఉండటం రెండవది. ఉర్దూ సమాజం రెండవ దారిని ఎంచుకున్నది. 1796లో జర్మనీలో అలోయిస్ సెనెఫెల్డర్ శిలాముద్రణను కనుగొన్నాడు. నూనె, నీరు కలవవన్న చిన్న సూత్రం దీనికి ఆధారం. కాతిబ్ జిడ్డు సిరాతో ప్రత్యేకమైన కాగితం మీద రాస్తే ఆ రాత రాతిపలక మీదికి దిగుతుంది. పలకను తడిపి సిరా పూస్తే రాత ఉన్నచోటనే సిరా పట్టుకుంటుంది. ఇక్కడ పోత లేదు, పేర్పు లేదు. కాతిబ్ చేతిరాత ఉన్నది ఉన్నట్లుగా వేలాది ప్రతులవుతుంది. 1858లో లక్నోలో మున్షీ నవల్ కిశోర్ స్థాపించిన ముద్రణాలయం ఈ పద్ధతిలోనే ఉర్దూ, ఫార్సీ, అరబీ గ్రంథాలను ఇంటింటికీ చేర్చింది. ఆయన హిందువు. అయినా దివ్య ఖుర్‌ఆన్ ప్రతులను ఎంతో గౌరవంతో ముద్రించాడన్న పేరు నేటికీ నిలిచి ఉన్నది.

మన పొరుగున చెన్నైలోని ట్రిప్లికేన్‌లో 1927లో సయ్యద్ అజ్మతుల్లాహ్ 'ది ముసల్మాన్' అనే ఉర్దూ దినపత్రికను స్థాపించారు. ఆ పత్రిక పుటలను కంప్యూటర్ యుగంలో కూడా కాతిబులు చేతితోనే రాస్తూ వచ్చారు. హైదరాబాదులోని ఛత్తా బజార్ కూడా ఒకనాడు కాతిబుల కలాలతో కళకళలాడినదే. మా దాదీ పెళ్ళి నాటి శుభలేఖ ఇప్పటికీ ఆమె పెట్టెలో ఉన్నది. అది కాతిబ్ చేతిరాత. అంత పాత కాగితం మీద కూడా పదాలు చేతులు కలుపుకొనే ఉన్నాయి.

వెనీసు నేర్పిన పాఠం

అక్షరాన్ని తెలియనివారు, అడగనివారు అచ్చువేస్తే ఏమవుతుందో చెప్పే ఉదంతం ఒకటి ఉన్నది. 1537-38 ప్రాంతంలో ఇటలీలోని వెనీసు నగరంలో పగనీనీ అనే ముద్రాపకుల కుటుంబం అరబీ ఖుర్‌ఆన్‌ను సీసపు అక్షరాలతో అచ్చువేసింది. ముస్లిం దేశాలలో అమ్ముకోవాలన్నది వారి ఆశ అని చరిత్రకారులు భావిస్తున్నారు. కానీ అందులో దోషాలు మెండుగా దొర్లాయి. ఒక చుక్క తేడాతో వేరయ్యే 'దాల్', 'జాల్' అక్షరాలను కూడా సరిగా వేరుచేయలేదు. వ్యాపారం సాగలేదు. ఆ ప్రతులన్నీ కాలగర్భంలో కలిసిపోయాయని లోకం అనుకున్నది. 1987లో పరిశోధకురాలు ఆంజెలా నువోవో వెనీసులోని ఒక క్రైస్తవ మఠం గ్రంథాలయంలో మిగిలిన ఒకే ఒక్క ప్రతిని గుర్తించింది.

ముస్లిం సమాజం అచ్చుయంత్రాన్ని ద్వేషించినదని కొందరు తేలికగా అనేస్తుంటారు. తప్పుల అచ్చును నిరాకరించటం ద్వేషం కాదు, అది అమానత్ పట్ల జాగ్రత్త. నమ్మకమైన అచ్చు వచ్చినప్పుడు అదే సమాజం ఆదరించింది. 1924లో కైరోలో పండితుల పర్యవేక్షణలో అచ్చయిన ఖుర్‌ఆన్ ప్రతి ప్రపంచమంతటా వ్యాపించింది. దానికి వాడినది బూలాఖ్ ప్రభుత్వ ముద్రణాలయంలోని నస్ఖ్ అక్షరాలు. ఆ అక్షరాల అందానికి ముగ్ధుడైన ఈజిప్టు వాసి ఖాలిద్ హోస్నీ మన కాలంలో వాటిని కంప్యూటర్ కోసం పునర్నిర్మించి 'అమీరీ' పేరుతో ఉచితంగా అందించాడు.

ఇరవై వేల రూపాలు

నస్తాలీఖ్ నిరీక్షణ మాత్రం 1981 వరకు సాగింది. ఢిల్లీలో 1921లో జన్మించి, దేశవిభజన తర్వాత కరాచీలో స్థిరపడిన అహ్మద్ మిర్జా జమీల్ స్వయంగా చిత్రకారుడు, లిపికారుడు. ఒక్కొక్క అక్షరాన్ని విడిగా తయారుచేస్తే నస్తాలీఖ్ కుదరదని ఆయన గ్రహించాడు. అందుకే అక్షరాలు కలిసి ఏర్పడే గుచ్ఛాలనే విడివిడిగా రాయాలని సంకల్పించాడు. అవి ఒకటీ రెండూ కావు, సుమారు ఇరవై వేలు. ప్రతిదానినీ చేతితో కొలతకు తగినట్లు రాసి, మోనోటైప్ సంస్థ యంత్రానికి అందించారు. అదే నూరీ నస్తాలీఖ్. 1981లో లాహోరు నుండి మొదలైన జంగ్ దినపత్రిక ప్రతి ఈ అక్షరాలతోనే వెలువడింది. శతాబ్దాల నాటి లిపి చివరకు తన సొగసు వదులుకోకుండానే యంత్రం ఎక్కింది. 1994లో మన దేశంలోనే రూపొందిన 'ఇన్‌పేజ్' సాఫ్ట్‌వేర్ ఆ లిపిని చిన్న చిన్న ఊళ్ళ డీటీపీ కేంద్రాలకు కూడా తెచ్చింది. జమీల్ 2014లో కన్నుమూశారు. నేడు ఫోనులో ఉర్దూ చదివేవారిలో ఆయన పేరు తెలిసినవారు ఎందరు?

ఒకే సంకేతం, అనేక రూపాలు

ఈ మధ్యలో తెలుగు మరొక చిక్కులో పడింది. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఒక్కొక్క తెలుగు సాఫ్ట్‌వేర్ ఒక్కొక్క రహస్య సంకేతాన్ని వాడేది. ఆంగ్ల అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలను కూర్చోబెట్టేవారు. అదే ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పుటంతా అర్థంలేని గుర్తులే. ఇంకా ఎన్నో డీటీపీ కేంద్రాలలో ఈ పద్ధతే నడుస్తున్నది. 1991లో వెలువడిన యూనికోడ్ ఈ సమస్యకు పరిష్కారం చూపింది. ప్రపంచంలోని ప్రతి అక్షరానికీ ఒకే సంఖ్య. తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అరబీలో ఒక అక్షరాన్ని ఒక్కసారే నమోదు చేస్తే, పదంలో దాని చోటును బట్టి తగిన రూపాన్ని ఫాంటు ఎంచుకుంటుంది. బిస్మిల్లాహ్ పూర్తి వాక్యం, దైవప్రవక్త నామం వెంట మనం (సఅసం) అని కుదించి రాసే దరూద్ వాక్యం కూడా యూనికోడ్‌లో ఒక్కొక్క సంకేతంగా చోటు పొందాయి.

సంకేతం ఉంటే చాలదు, దానికి అందమైన రూపం కావాలి. ఆ బాధ్యతను కొందరు తమకు తాముగా తలకెత్తుకున్నారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు 'పోతన', 'వేమన' అనే యూనికోడ్ ఫాంట్లను రూపొందించి ఉచితంగా ఇచ్చారు. తర్వాత సిలికానాంధ్ర సంస్థ ద్వారా పురుషోత్త్ కుమార్ గుత్తుల రూపకల్పన చేసిన మండలి, ధూర్జటి, సురవరం వంటి ఫాంట్లు, అప్పాజీ అంబరీష దర్భా రూపొందించిన రామరాజ, తెనాలి రామకృష్ణ ఫాంట్లు అందరికీ స్వేచ్ఛగా లభించాయి. పుస్తకాల ముఖచిత్రాల మీద, ఫ్లెక్సీల మీద, శుభలేఖల మీద వీరి గీతలను మనం రోజూ చూస్తూనే ఉన్నాము. నాటి పంచానన్ వలెనే నేటి వీరూ పుట మీద పేరు కనిపించని శిల్పులే.

తెలుగు ముస్లింలకు ఇందులో ఒక ప్రత్యేకమైన అవసరం కూడా ఉన్నది. మన ఇళ్ళలో వాడే అరబీ మాటలను తెలుగులో రాసేటప్పుడు పొల్లు చాలా ముఖ్యం. 'ఇన్‌షా అల్లాహ్' అన్నప్పుడు 'ఇన్', 'షా' వేర్వేరు పదాలు. కానీ మామూలుగా టైపు చేస్తే కంప్యూటర్ ఆ రెండింటినీ అతికించి 'ఇన్షా' అని చూపుతుంది. 'అల్‌హమ్దులిల్లాహ్' కూడా 'అల్హమ్దులిల్లాహ్' అవుతుంది. సీసపు రోజులలో కంపోజిటర్ పొల్లు ఉన్న అక్షరాన్ని విడిగా పెట్టేవాడు. యూనికోడ్‌లో ఆ పనికి కంటికి కనిపించని ఒక విభజన సంకేతం ఉన్నది. పొల్లు తర్వాత దానిని చేర్చితే రెండు అక్షరాలూ విడివిడిగా నిలుస్తాయి. ఉర్దూ అక్షరాలు విడిపోతే తప్పు, ఇక్కడ కలిసిపోతే తప్పు. ఏది ఎక్కడ కలవాలో, ఎక్కడ విడిపోవాలో చెప్పవలసినది ఆ భాష తెలిసిన మనిషే.

కాపాడే కళ్ళు

మా శుభలేఖ విషయానికి తిరిగి వస్తాను. విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయులు ఒకరు విషయాన్ని నస్తాలీఖ్‌లో టైపు చేసి పీడీఎఫ్‌గా ఇచ్చారు. డీటీపీ కుర్రవాడు ఎంతో ఓపికతో దానిని కార్డులో అమర్చాడు. రెండవ నమూనాను ఫోనులో కాక కాగితం మీద తెప్పించాము. ఈసారి తెలుగు భాగంలో తప్పును పట్టినది పెళ్ళికూతురి తమ్ముడు. ఏడవ తరగతి చదువుతున్నాడు. "బాబాయ్, 'ఇన్షా' అని పడింది, ఇది విడిగా ఉండాలి కదా" అని వేలు పెట్టి చూపించాడు.

కుటుంబాలకు నా మనవి ఇదే. శుభలేఖ గాని, మస్జిద్ ప్రకటన గాని, సమాధి ఫలకం గాని, అచ్చుకు ఇచ్చే ముందు ఆ లిపి చదవగలిగిన ఒక మనిషి చేత కాగితం మీద చదివించండి. తెలుగు విషయాన్ని యూనికోడ్‌లో రాసి భద్రపరచండి. రేపు మీ మనవలు కూడా దానిని తెరిచి చదవగలుగుతారు. అన్నింటికన్నా మిన్నగా, ఇంట్లో ఉర్దూ చదవగలిగిన పెద్దలు ఉండగానే పిల్లలను వారి పక్కన కూర్చోబెట్టండి. శ్రీరాంపూర్‌లో సీసం కరిగిపోయినా అచ్చులు మిగిలాయి కనుక అక్షరం బ్రతికింది. మన ఇళ్ళలో ఆ అచ్చులు మన పెద్దలే.

ఇప్పుడు మా ఇంట్లో అస్ర్ నమాజ్ తర్వాత దాదీ ముందు ముగ్గురు పిల్లలు పలకలు పట్టుకొని కూర్చుంటున్నారు. నలభై ఆరేళ్ళ వయసులో నాలుగోవాడిగా నేనూ చేరాను. మొన్న నేను రాసిన 'బే' కింద చుక్క మరచిపోతే దాదీ పలక వెనక్కి ఇచ్చి, "చుక్క లేకపోతే అది ఏ అక్షరమూ కాదు బేటా, మళ్ళీ రాయి" అన్నది. మళ్ళీ రాశాను.